ఇంజనుకు నంబరుంది, మనిషికి పేరేది?

పాకాల–ధర్మవరం మీటరు గేజి లైను మీద మనవాళ్లకు యీ మధ్య ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ బండి నడిచినన్నాళ్లు దాన్ని తిట్టుకోని ప్రయాణీకుడు లేడు. 2010 ప్రాంతంలో పాత పట్టాలు పెరికి బ్రాడ్‌గేజి వేయడం పూర్తయిన తరువాత అదే బండి కావ్యవస్తువైంది. పాత ఫొటోలు చేతులు మారుతున్నవి. పొగలు కక్కే ఇంజను, సంజవెలుగులో ములకలచెరువు బండలు, తట్టలతో నిలబడ్డ ఆడవాళ్లు, పట్నానికి అంత దూరాన సి.టి.ఎం. దగ్గర వుండికూడా మదనపల్లె పేరు మోస్తున్న ‘మదనపల్లె రోడ్డు’ పసుపు బోర్డు – యివి చూసి “ఎంత జీవితం వుందో చూడండి మాష్టారూ” అంటున్నారు మిత్రులు.

ఎవరి జీవితం అని అడిగితే వారికి కోపం వస్తుంది.

ఆ ఫొటోల కింద యేమి రాసివుందో చదవండి. ఇంజను తరగతి వుంటుంది, నంబరు వుంటుంది, తేదీ వుంటుంది. ఆవిరి ఇంజన్ల కోసం ఇంగ్లండు నుంచి కెమెరాలు మోసుకొచ్చినవారూ, వారి దారినే నడిచిన మన మధ్యతరగతి యువకులూ యీ విషయంలో చూపిన శ్రద్ధ మెచ్చదగిందే. వైపి ఇంజనుకూ వైజి ఇంజనుకూ తేడా వారికి నిద్రలో అడిగినా తెలుసు. మన దేశంలో చివరి ఆవిరి ఇంజను 1972లో చిత్తరంజన్‌లో తయారైందనీ తెలుసు. అదే ఫొటోలో తలకు గుడ్డ చుట్టుకొని, మసి మొహంతో బయటికి వంగి చూసే మనిషి ఎవరు? ‘ఫైర్‌మన్’. చాలా ఫొటోల్లో ఆ మాటకూడా వుండదు.

ఆ మనిషి పని వీరికి అర్థమైందా అంటే, కాలేదనడానికి సాక్ష్యం ఆ ఫొటోల్లోనే వుంది. వీరు మురిసిపోయే ఆ చిక్కటి నల్లపొగ, బొగ్గు సరిగా కాలనప్పుడు వచ్చేది. పొయ్యి నిండా బొగ్గు సమంగా పరచాలి. ఒకచోట కుప్పపడితే పొగ లేస్తుంది, ఆవిరి పడిపోతుంది, ఎత్తు మీద బండి నిలిచిపోతుంది. తలుపు తెరిచిన ప్రతిసారీ మొహాన కొట్టే సెగకు ఓర్చుకుంటూ, వూగే పలక మీద కాళ్లు నిలదొక్కుకుంటూ యీ పని చేయడం ఒక విద్య. పనితనం తెలిసిన ఫైర్‌మన్ నల్లపొగకు సిగ్గుపడతాడు. ఫొటోగ్రాఫరు దానికోసమే గట్టు మీద కాచుకొని కూర్చుంటాడు. ఒకడి తప్పు మరొకడికి సౌందర్యమైంది. యీ సౌందర్యదృష్టి ఏ వర్గానిదో చెప్పడానికి పెద్ద సిద్ధాంత చర్చ అక్కరలేదు.

“కళాకారుడు పోలీసువాడు కాదు గదా, పేర్లు రాసుకోవడానికి” అని ఒక సమాధానం వినిపిస్తున్నది. చమత్కారంగానే వుంది. అయితే పోలీసువాడు రాసుకున్న మాట మరచిపోగూడదు. 1974 మే 8న దేశమంతటా రైల్వే సమ్మె మొదలై ఇరవై రోజులు సాగింది. పదిహేడు లక్షల మంది పాల్గొన్నారని లెక్క. వేలమందిని జైళ్లలో పెట్టారు, వేలమందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఆనాడు గ్యాంగ్‌మన్ పేరు, తండ్రి పేరు, క్వార్టరు నంబరు అన్నీ ప్రభుత్వానికి దొరికినవి. శిక్షించడానికి దొరికిన పేరు గౌరవించడానికి ఎందుకు దొరకలేదు? ఆ సమ్మె అనగానే మనకు గుర్తుకొచ్చే ఫొటో, సంకెళ్ల చెయ్యెత్తిన జార్జి ఫెర్నాండెజ్‌ది. అది సమ్మెనాటిది కాదు. ఎమర్జెన్సీలో, 1976లో అరెస్టయిన తరువాతది. నాయకుడికి పేరుంది గనక ఫొటో ఆయన సొత్తయింది.

ఈ అలవాటుకు మన సీమలో పాత వేరుంది. 1876–78 కరువులో మద్రాసు రాజధాని అంతా లక్షల మంది చచ్చారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలి తగ్గించి, మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునన్నాడు. ఆ రోజుల్లోనే విలోబీ హూపర్ అనే సైనికాధికారి ఎముకలగూళ్లయిన మనుషులను గుంపులుగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. ఆ బొమ్మలు నేటికీ పుస్తకాల్లో అచ్చవుతున్నవి. అందులోవారి పేరు ఒక్కటీ లేదు. తరువాత 1886లో బర్మాలో ఖైదీలను కాల్చి చంపే క్షణాన్ని ఫొటో తీయబోయి విచారణకు గురైనవాడు యీ హూపరే. 1880లో కరువు కమిషను రైళ్లు వేయమంది. 1890ల మొదట్లో మన లైను వచ్చింది. కరువు మనిషిని పేరులేకుండా చూసిన కన్నే రైలు మనిషినీ చూసింది.

మన అభ్యుదయ శిబిరం వారు దీనికి అతీతులని నేననను. పేదరికాన్ని ఫొటో తీస్తే చాలు, పని అయిపోయిందనుకునేవారు మనలో వున్నారు. డొరొతియా లాంజ్ 1936లో కాలిఫోర్నియాలో తీసిన వలసకూలీ తల్లి బొమ్మ మన సభల్లో ఎన్నిసార్లు చూపలేదు? ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. నలభై రెండేళ్లు ఆమె ‘వలస తల్లి’. తీసినామె మంచిదే, ఆమె సానుభూతి నిజమైందే. పేరు మాత్రం అడగలేదు.

ఇక తిరుపతి స్టేషను. గుండు చేయించుకున్న యాత్రికులు, సామాను మీద తల పెట్టి నిద్రపోయే పిల్లలు – వీరిని తీయని కెమెరా లేదు. పెట్టెల మరుగుదొడ్లు నేరుగా పట్టాలమీదికే తెరుచుకొన్న రోజుల్లో, బండి కదలగానే చీపురు, నీళ్లగొట్టం పట్టుకొని ఆ పట్టాల్లోకి దిగినవారు వున్నారు. ఏ కులంవారు దిగారో అందరికీ తెలుసు. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో కొత్త చట్టం వచ్చింది, పెట్టెలకు బయో టాయిలెట్లు వచ్చినవి. వారి ఫొటోలు నేను చూసిన ఆల్బముల్లో ఒక్కటీ లేదు. పవిత్రయాత్ర బొమ్మలో వారికి చోటు చాలలేదు కాబోలు.

అనుమతి లేకుండా పేరు వేస్తే ఉద్యోగికి ముప్పు రావచ్చుననే అభ్యంతరం నిజమైంది. అది పనిలో వున్నవాడి సంగతి. అతణ్ణి అడిగి వేయాలి, వద్దంటే మానాలి. రిటైరైనవారికి ఆ భయం తక్కువ. విద్యార్థులు చేయగలిగిన పని వుంది. ఆ పాత ఫొటోలు పట్టుకొని పాకాల, దామలచెరువు, పీలేరు, కదిరి వెళ్లండి. రైల్వే కుటుంబాలున్న వీధుల్లో చూపించి, ఇందులో ఎవరున్నారు, ఏం పని చేశారు, 1974లో ఏమైంది అని అడిగి, చెప్పింది చెప్పినట్టు ఫొటో వెనక రాయండి. ఆ సమ్మెలో ఇరవయ్యేళ్ల కుర్రవాడికి ఇప్పుడు డెబ్భై దాటినవి.