ముఖము లేని బొమ్మ



గత జూలై నెలలో ఒక బుధవారము, ప్రార్థన ముగిసి అందరు వెళ్లిన తరువాత మా సంఘములోని ఒక యౌవన తల్లి మందిరము మెట్లమీదనే కూర్చుండిపోయినది. ఆమె కుమారునికి మూడున్నర సంవత్సరములు. ఉదయము ఏడు గంటలకు బడి వ్యాను ఎక్కిన వాడు సాయంత్రము నాలుగున్నరకు గాని దిగడు. దిగిన తరువాత రెండు పేజీలు ఏ బి సి డిలు వ్రాయవలెను. రాత్రులు ఉలిక్కిపడుచున్నాడు, పక్క తడుపుచున్నాడు. ఫీజుకొరకు డ్వాక్రా గ్రూపులో అప్పు తీసినారు. "మాన్పించేస్తే వాడి చదువు పాడైపోద్దా అయ్యగారూ? ఇంట్లో ఉంటే ఏం నేర్చుకుంటాడు?" అని ఆమె అడిగినది.

వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. మా పెద్ద బిడ్డను మేము కూడ మూడేండ్లకే ఆలాగున పంపితిమి. అక్షరము వంకర పోయినదని పలక పట్టిన చేతిమీద కొట్టిన దినములు కూడ కలవు. ఆ బిడ్డ ఇప్పుడు కాలేజీలో బాగుగానే చదువుచున్నది. అయినను తనంతట తాను ఇష్టముతో ఒక పుస్తకము తెరచుట మేము ఇంతవరకు చూడలేదు.

ఆ ముందటి క్రిస్మస్ సెలవులలో మా ఇంటావిడ చెల్లెలు, భర్త, ఇద్దరు చిన్న పిల్లలు హైదరాబాదునుండి వచ్చి వారము దినములు మాతో ఉండిరి. వారు పిల్లలను వాల్డార్ఫ్ అను పద్ధతిని చూచి పెంచుచున్నారు. పిల్లల చేతికి ఫోను ఇయ్యరు. చిన్నదాని సంచిలో ఒక గుడ్డబొమ్మ ఉన్నది. దానికి కండ్లు లేవు, నోరు లేదు. ముఖము గీసిపెట్టనియెడల బిడ్డ తన మనస్సులోనే దానిని ఒకసారి నవ్వించును, ఒకసారి ఏడ్పించును అని ఆమె చెప్పినది. దాని వెల విని మా అత్తగారు, "నీకు పాత చీర ముక్కలతో ఇలాంటివి పది కుట్టివ్వలేదంటే! దానికింత డబ్బెందుకు?" అన్నారు. ఆ మాట మేము మరువలేదు.

ఈ పద్ధతి ఎక్కడిదో చెప్పవలెను. జర్మనీలోని స్టట్‌గార్ట్ పట్టణములో వాల్డార్ఫ్ అస్టోరియా అను సిగరెట్ల ఫ్యాక్టరీ ఉండెను. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాత దాని యజమాని ఎమిల్ మోల్ట్ తన కార్మికుల పిల్లలకు మంచి బడి కావలెనని కోరి, రుడాల్ఫ్ స్టైనర్ అను ఆయనను పిలిచెను. 1919 సెప్టెంబరులో బడి తెరవబడెను. ధనవంతుల పిల్లలు, కూలివారి పిల్లలు, ఆడపిల్లలు, మగపిల్లలు అందరు కలిసి చదివిరి. ఆ దినములలో అది చిన్న సంగతి కాదు. హిట్లరు ప్రభుత్వము 1938లో ఆ బడిని మూయించెను. యుద్ధము ముగియగానే 1945లో అది మరల తెరవబడెను.

ఏడేండ్లలోపు బిడ్డకు ఉపదేశము ఎక్కదు, ఎదుట పెద్దలు చేయు పనిని చూచి చేయును అనునది స్టైనర్ చెప్పిన మాటలలో ముఖ్యమైనది. గనుక వారి శిశుతరగతులలో టీచరు నిజమైన పనియే చేయుచుండును. ఊడ్చును, కూరలు తరుగును, తిరగలివంటి దానిలో గోధుమలు విసిరి రొట్టె కాల్చును. పిల్లలు చుట్టూ చేరి చేతనైనది చేయుదురు. దినమునకు ఒక వరుస ఉండును. ఊపిరి పీల్చి వదలినట్లు, కొంతసేపు బయట మట్టిలో ఆట, కొంతసేపు లోపల నెమ్మదిగా కూర్చుండి కథ. కథ పుస్తకములో చూచి చదువరు, నోటితో చెప్పుదురు. ఒకే కథను వారము దినములు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ దినములు చెప్పుదురు. అక్షరములు ఆరు, ఏడేండ్ల తరువాతనే.

తల్లులారా, చాటలో బియ్యము ఏరుచుండగా బిడ్డ వచ్చి చాట లాగుట మీకు తెలియును. చింతపండు గింజలు తీయుట, కోళ్లను గంప క్రింద మూయుట, చిన్న చెంబుతో మొక్కలకు నీళ్లు పోయుట పట్టణములో డబ్బు పెట్టి నేర్పించుచున్నారు. "పని పాడు చేయకు, అవతలికి పో" అని మనము ఆ బిడ్డను టీవీ ముందు కూర్చుండబెట్టుచున్నాము. వారమునకు కూడ మనకొక వరుస కలదు: ఆదివారము ఆరాధన, సంత దినము, బట్టలుతుకు దినము. బిడ్డకు తారీఖు తెలియదు గాని సంత దినము తెలియును. బొమ్మలు కొనవలెనంటే ఏటికొప్పాక లక్క బొమ్మలు మన దగ్గరనే చేయుచున్నారు. కొబ్బరి చిప్పలు, తాటికాయల బండి అయితే అదియు అక్కరలేదు.

ఫోను సంగతి వ్రాయుటకు మాకే సిగ్గుగా ఉన్నది. రెండేండ్లు మొదలు నాలుగేండ్ల వరకు దినమునకు ఒక గంటకంటె ఎక్కువ తెర చూడనియ్యరాదని, అంతకంటె తక్కువైతే మేలని, ఏడాదిలోపు బిడ్డకు అసలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది. దీనిని మేము మందిరములో చదివి వినిపించితిమి. ఆ రాత్రి భోజనము దగ్గర మా చిన్నవాడు "మరి నువ్వు చూడొచ్చా నాన్నా?" అని అడిగెను. మా చేతిలో ఫోను ఉండెను. ప్రార్థన గ్రూపులోని సందేశములే చూచుచుంటిమి గాని బిడ్డకు అది ఎట్లు తెలియును?

అయితే ఆ పద్ధతిలోని సమస్తమును మనము తెచ్చుకొనరాదు. స్టైనర్ మొదట దివ్యజ్ఞాన సమాజములో ఉండెను. మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని రాబోవు లోకగురువని ఆ సమాజపువారు ప్రకటించినప్పుడు స్టైనర్ ఒప్పుకొనక, 1912, 13 సంవత్సరములలో వేరైపోయెను. అంతమాత్రమున ఆయన బోధ మన విశ్వాసమైపోలేదు. కర్మము, పునర్జన్మ ఆయన బోధలో ఉన్నవి. ఈ తరగతులలో పుట్టినరోజున చెప్పు ఒక కథ కలదు. బిడ్డ పుట్టకముందు పైన ఉండి ఇంద్రధనుస్సు వంతెన దాటి తల్లిదండ్రుల యొద్దకు వచ్చెనని చెప్పుదురు. మా మరదలు కూడ ఆ కథ మానివేసినది. మా ఇంటిలో పుట్టినరోజున చెప్పునది వేరు: ఆ రాత్రి వర్షము, ఆటో దొరకకపోవుట, ట్రాక్టరులో ఆసుపత్రికి వెళ్లుట. పిల్లలకు ట్రాక్టరు కథయే ఇష్టము.

ఇంకొకటి. మనుష్యులను జాతినిబట్టి, రంగునుబట్టి హెచ్చుతగ్గులుగా ఎంచిన మాటలు ఆయన ఉపన్యాసములలో ఉన్నవి. కులము పేరున అవమానము తిన్న మన ప్రజలు వాటిని అంగీకరింపనేరరు. ఈ పద్ధతివారిలో టీకాలు వద్దను కుటుంబములు కొన్ని ఉన్నవి. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో 2008లో అటువంటి బడిలో తట్టు ప్రబలినది. టీకాల విషయములో నర్సమ్మ చెప్పినట్లు చేయుడి.

అక్షరముల సంగతి మాకు అన్నిటికంటె కష్టమైనది. ఏడేండ్ల వరకు అక్షరము వద్దని స్టట్‌గార్ట్‌లో చెప్పుట సులభము. మన తాతలకు అక్షరము దొరకనియ్యలేదు. మిషను బడి అరుగుమీద దానిని సంపాదించుకొన్న కుటుంబములు మనవి. అటువంటి ఇంటి తల్లితో "తొందరపడకు" అని చెప్పునప్పుడు మా నాలుక తడబడును. ఆమె భయము వెఱ్ఱి భయము కాదు. కాని అక్షరము వేరు, మూడేండ్ల వానిని తొమ్మిది గంటలు ఇంటికి దూరము చేయుట వేరు. 2020 జాతీయ విద్యా విధానము కూడ ఆరేండ్లు నిండిన తరువాతనే ఒకటవ తరగతి అనియు, అంతకుముందు ఆటపాటలతో నేర్పవలెననియు చెప్పినది. బిడ్డ అడిగినయెడల అక్షరము చూపుడి, దాచవద్దు. అడగనియెడల కథ చెప్పుడి. వేయి మాటలు విన్న చెవికి అక్షరము త్వరగా అందునని మా రెండవ బిడ్డ విషయములో చూచితిమి. ఆరేండ్లు దాటినను అక్షరములు గుర్తుపట్టలేనియెడల ఊరకుండక కండ్లు, చెవులు పరీక్ష చేయించుడి.

ఆ తల్లితో ఇంతయు చెప్పలేదు. ఈ సంవత్సరము మాన్పించి అంగన్‌వాడీకి పంపుమంటిమి. ఆమె భర్తకు ఇష్టము లేదు. కట్టిన ఫీజు తిరిగి రాలేదు, అప్పు ఇంకను తీరలేదు. వచ్చే జూన్‌లో మరల చూతమని ఒప్పుకొన్నాడు. పిల్లవాడు గ్రుడ్డు తిని ఇంటికి వచ్చి నాయనమ్మ వెంట మేకల దగ్గరకు పోవుచున్నాడు. పక్క తడుపుట తగ్గినది, పూర్తిగా పోలేదు. సంగతి విని మా అత్తగారు పాత చీరతో వానికొక బొమ్మ కుట్టి పంపిరి. వాడు పొయ్యిలో బొగ్గు తెచ్చి దానికి మీసములు పెట్టినాడట.