కడశీలయు కాటరు పిన్నును

బండి యిరుసునకు కడశీల యున్నంతవఱకు చక్రము జాఱదని కృషీవలులందఱు నెఱుగుదురు. పాత మోటారు వ్యానుల విషయమున నీ యెఱుకయే మోసపుచ్చుచున్నదని మా యభిప్రాయము. వెనుకచక్రపు నట్టునకు కాటరు పిన్ను కనబడినంతనే, శీల యున్నది గదా యని నిశ్చింతగ నుండరాదు.

1950లో జర్మనీయందు పుట్టి, బ్రెజిలులో 2013 వఱకు తయారైన వోక్స్‌వాగన్ వ్యానును జూడుడు. దాని వెనుక యిరుసు కొన చుట్టును పండ్లు చెక్కబడియుండును. పాత రకములయందు బ్రేకు డ్రమ్ము నడిమి రంధ్రములోని గాడులు వానితో కలిసికొనును. చక్రము డ్రమ్మునకే బిగింపబడును. డ్రమ్మును కదలకుండ నొత్తిపట్టునది పెద్ద నట్టు. అది వెనుకకు తిరుగకుండ కాచుట మాత్రమే పిన్ను పని. నట్టు వదులైనచో, పిన్నున్నను డ్రమ్ము ఆడుచు పండ్లను నానాటికి నఱుగదీయును. పండ్లు పూర్తిగా నఱిగిన నింజను తిరిగినను బండి కదలదు. నట్టే యూడినచో చక్రమును డ్రమ్మును గూడి వెలికివచ్చును. లోపల కూరగాయలే కాక మనుష్యులును గూర్చుందురు గదా!

ఈ వ్యానులకు, తయారైన సంవత్సరమును బట్టి, సుమారు 30 మొదలు 35 కిలోగ్రాము-మీటర్ల బిగువు వలయును. అనగా మీటరు పొడవుగల కమ్మి కొనను అన్ని కిలోల బరువు వ్రేలగట్టినంత. సరియైన యంకెను ఆ వ్యాను పుస్తకమున జూచుకొనవలయును. పొట్టి స్పానరుతో నెంతటి బలశాలియు నింత బిగింపలేడు. ఉలియు సుత్తియు బెట్టి కొట్టిన నట్టు చెడును గాని లెక్క తెలియదు.

చక్రములు నాలుగును నేలపై నుండగా, చేతిబ్రేకు వేసి బిగింపవలయును. జాకీపై నింత బలము చూపిన వ్యాను ఒఱగిపడవచ్చును. బిగువు కుదిరిన పిమ్మట పిన్ను రంధ్రము కలియకున్న నట్టును ముందునకే త్రిప్పవలయును. కలియుటకై వెనుకకు వదలరాదు. పిన్ను ప్రతిసారియు క్రొత్తది వేయవలయును.

మేస్త్రీ చేతి యంచనా చాలదా యని కొందఱందురు. అంచనాకు సాక్ష్యము లేదు, కొలతకు గలదు. బిగువును కొలిచి చూపు టార్కు రెంచి వెల యొక్కరికి భారమే. ఏడాదికి రెండుమూడు మారులు వలయు పనిముట్టును ఇంటింట కొననేల? ఇంతటి బిగువును కొలువగల రెంచి నొకదానిని సంఘమే కొని, సభ్యులకు వంతులవారీగా నీయవలయును. ట్రాక్టరు చక్రముల నట్లకు నది యుపయోగపడును. రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులీ విషయమును ప్రస్తావింతురుగాక.