దయ వేసిన సంకెల

ప్రేమకథ అనగానే వెన్నెల, పూలతోట, పాట మనసులో మెదలుతాయి. ఆ వెన్నెల వెనుక పొంచి ఉన్న చీకటిని కూడ చూపగలిగిన రచనలు అరుదు. 1951లో వాహినీ సంస్థ నిర్మించిన ‘మల్లీశ్వరి’ అటువంటి చలనచిత్రం. దాని దర్శకుడు బి.ఎన్.రెడ్డి, మన వేంపల్లెకు పొరుగునున్న పులివెందుల ప్రాంతంలో 1908లో జన్మించారు.

మల్లి, నాగరాజు బావామరదళ్లు. ఒక వానరాత్రి మారువేషంలో ఉన్న శ్రీకృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన మల్లి నాట్యం చూసి ముగ్ధులౌతారు. వారెవరో ఎరుగని నాగరాజు, మల్లికి రాయలవారి పల్లకి పంపించమని పరిహాసమాడుతాడు. ఆ పరిహాసమే నిజమై, పల్లకి ఆమె గుమ్మం ముందు నిలుస్తుంది. మల్లి సమ్మతిని అడిగినవారు లేరు. రాణివాసం చేరిన స్త్రీని చాటుగా కలుసుకోవడం ప్రాణాంతకమైన నేరం.

ఈ చిత్రాన్ని ప్రశంసించేవారు ఎక్కువగా దేవులపల్లి కృష్ణశాస్త్రి పాటలను, సాలూరి రాజేశ్వరరావు సంగీతాన్ని స్మరిస్తారు. అది న్యాయమే కాని, సమగ్రం కాదు. 1953లో చైనాలో ఈ చిత్రం ప్రదర్శితమైంది. తెలుగు పాటల సొగసు తెలియని ప్రేక్షకులకు సైతం అందగలిగినది ఇందులోని వేదన.

ఆనాటి అమెరికా నేరకథాచిత్రాలను 1946లో ఫ్రెంచి విమర్శకుడు నినో ఫ్రాంక్ ‘ఫిల్మ్ నువార్’, అనగా నల్లని చిత్రాలు, అని పేర్కొన్నాడు. ఒక చిన్న పొరపాటు మనిషిని ఉచ్చులోకి లాగడం వాటిలో తరచు కనిపించే ఇతివృత్తం. ‘మల్లీశ్వరి’ ఆ కోవకు చెందిన చిత్రం కాదు. అయినా ఇందులోనూ ఒక మాట ఉచ్చు అయింది. భేదమేమంటే, ఇక్కడ దుర్మార్గుడు లేడు. రాయలు రసజ్ఞుడు, దయాళువు. ఆయన చేసిన సన్మానమే మల్లికి సంకెల. కాదనడానికి వీలులేని సన్మానం శిక్షతో సమానం కాదా?

చివరకు రాయలు ప్రేమికులను క్షమించడంతో విషాదం పలుచబడిందని ఆక్షేపించవచ్చు. భవభూతి కూడ ‘ఉత్తరరామచరితం’లో సీతారాములను కలిపాడు, అంతమాత్రాన సీతకు జరిగిన అన్యాయం మరుగుపడలేదు. అట్లే రాయల క్షమ కథను ముగించినా, మన ఆలోచనను ముగించదు. పరస్పరం ప్రేమించుకున్న ఇద్దరిని క్షమించడానికి వారు చేసిన నేరమేమిటి? ఈ చిత్రాన్ని చూసే విద్యార్థులు పాటలతో పాటు ఈ ప్రశ్నను కూడ తమవెంట తీసుకొనిపోవాలి.