గీటురాయిని గీచి చూచువా రెవరు?

ప్రొద్దుటూరి బంగారపంగళ్లలో గీటురాయిపై గీయక యెవరును పాతనగను కొనరు. జమ్మలమడుగు రైతు శనగల నమ్మబోయిన ముందుగా తేమ చూతురు. పులివెందుల అరటిగెలకు తూకమును బట్టియే ధర. తూకములో మోసము జరిగిన మనవా రూరకుందురా? అట్టివారు తమబిడ్డల భాషను తూచు త్రాసును గూర్చి మాత్ర మొక్కనాడును ప్రశ్నింపరు.

ఇరువదియేండ్లుగా నేను ప్రశ్నపత్రములు వ్రాయుచున్నాను. ప్రశ్న నెట్లు కూర్పవలెనో నాకు నేర్పినవారు లేరు. నేర్పుమని నేనడిగినవాడనును గాను. ఒకమారు నేనును, తోటి యుపాధ్యాయుడును ఒక బాలిక వ్రాసిన వ్యాసమును వేర్వేరుగ దిద్దితిమి. నేను పదింట ఎనిమిది యిచ్చితిని, ఆయన నాలుగిచ్చెను. కవిపరిచయమును పొల్లుపోక యొప్పగించు నా బాలికయే, అవ్వకు వచ్చిన పింఛనుకాగితమును చదివి తాత్పర్యము చెప్పలేక తెల్లబోయినది. మేము కొలిచినది భాషనా, జ్ఞాపకశక్తినా? ప్రమాణము సిద్ధింపక ప్రమేయము సిద్ధింపదని మన తార్కికు లెన్నడో చెప్పిరి.

తాను రచించిన ‘పెనుగొండలక్ష్మి’యే పాఠ్యముగా నున్న విద్వాన్ పరీక్షకు పుట్టపర్తి నారాయణాచార్యులవారు కూర్చుండిరి. అందాయన తప్పెనని ప్రొద్దుటూరిలో నేటికిని నవ్వుచు చెప్పుకొందురు. నాకు నవ్వు రాదు. మహాకవి గనుక ఆయన నిలిచెను. పేరులేని పిల్లవాడు తప్పిన చదువే మానును.

కంపెనీవారు 1812లో చెన్నపట్టణమున సెంట్ జార్జి కోట కళాశాలను నెలకొల్పి, సొమ్ము వెచ్చించి, తమ యుద్యోగులకు దేశభాషలను నేర్పి పరీక్షించిరి. అచ్చట తెలుగున ఉత్తీర్ణుడైన పిదపనే బ్రౌను 1820లో కడపకు వచ్చెను. పన్ను వసూలునకై పరాయివారు పడిన శ్రద్ధ, బిడ్డలకై మనము పడలేమా?

2023లో మన రాష్ట్రప్రభుత్వము అమెరికాసంస్థతో ఒప్పందము చేసికొని సర్కారుబడులకు టోఫెల్ పరీక్షను తెచ్చెను; 2024లో ప్రభుత్వము మారినపిమ్మట అది నిలిచిపోయెను. ఇంగ్లీషుపై నాకు ద్వేషము లేదు. ఆ భాషను గూడ చదివియే నేను బ్రదుకుచున్నాను. కాని 1964 నుండి నడచుచున్న యా పరీక్షవెనుక ప్రశ్నప్రశ్నను శోధించు పండితులు కలరు. తెలుగుపత్రము వెనుక నెవరున్నారు? రాత్రికి రాత్రి పాతప్రశ్నలను అటునిటు మార్చు నావంటివాడు.

2008లో తెలుగు ప్రాచీనభాషగా గుర్తింపు పొందెను. మన కడపసీమలోని కలమళ్ల శాసనము తొలితెలుగు శాసనమని గర్వించుచున్నాము. గర్వింపదగినదే. రాతిమీది యక్షరమును శోధించినవానికి పట్టము, పలకమీది యక్షరమును శోధించినవానికి శూన్యమా?

బడికి కప్పు లేనప్పుడు పరిశోధనకు డబ్బెక్కడిదని కొంద రందురు. త్రాసు తప్పైనచో కప్పునకు, పుస్తకములకు పెట్టిన ధనము ఫలించినదో లేదో యెట్లు తెలియును? పైగా నేను కోరునది భవనములు గావు. కడపలో యోగివేమన విశ్వవిద్యాలయము కలదు. బ్రౌను పేరిట భాషాపరిశోధనకేంద్రమును కలదు. అచ్చట ఇద్దరు పరిశోధకులకు జీతమును, ఈ మూడూళ్ల ఉపాధ్యాయులకు కొలదిపాటి సెలవును ఇచ్చిన చాలును. ఒకే జవాబును ఇద్దరిచేత దిద్దించి భేదమును లెక్కింపవచ్చును. తెలిసినవానిని, తెలియనివానిని వేరుపరుపలేని ప్రశ్నలను తొలగింపవచ్చును. మా సీమపలుకుబడిని తప్పుగా నెంచి మార్కులు కోయుట న్యాయమో కాదో తేల్పవచ్చును. ఇట్టి పనికి కావ్యవిమర్శతో సమానమగు పట్టమును, పదోన్నతియం దాదరమును ఉండవలెను.

గృహస్థులారా, తల్లులారా! ఈమారు బిడ్డ మార్కులపట్టికను తెచ్చినప్పుడు ఎన్ని వచ్చినవని మాత్రమే అడుగకుడు. అవి దేనిని కొలిచినవో బడికి వచ్చి మమ్మడుగుడు. మాకు సమాధానము తోపదు. ఆ సిగ్గే మాచేత పని చేయించును.