తెల్లగైతందుకు సెలైనా?

మా చిన్నమ్మ బిడ్డకు లగ్గం ఖాయమైంది. మొన్న బుద్వేల్ల మా ఇంటికొచ్చి, "అన్నా, గ్లూటాథయోన్ సెలైన్ ఎక్కించుకుంటే తెల్లగైతరట, బండి మీద దింపుతవా?" అన్నది. వాళ్లు అడిగిన పైసలకు పాడిబర్రె వస్తది!

గ్లూటాథయోన్ అంటే కొత్త మాయేం గాదు. మన ఒంట్లనే, ఎక్కువ లివర్ల తయారైతది. నరంలకెళ్లి ఎక్కిస్తే కొన్ని నిమిషాలల్లనే రక్తంలకెళ్లి తగ్గిపోతది. మన దేశంల ఆ సూదికి అనుమతి ఉన్నది తాగుడుతోని పాడైన లివర్‌కు. రంగుకు గాదు. 'ఇమ్యూనిటీ', 'డిటాక్స్' అని బోర్డు మార్చినా సీసాల ఉన్నది గదే.

గీ పిచ్చి ఫిలిప్పీన్స్‌ల మనకంటే ముందే లేసింది. ఆడి ఎఫ్‌డీఏ 2011ల హెచ్చరించింది, 2019ల మల్లొక్కసారి చెప్పింది. లివర్, కిడ్నీలు దెబ్బతినొచ్చు, తోలు ఊడిపోయే స్టీవెన్స్ జాన్సన్ జబ్బు రావొచ్చు అని. తమ్ముళ్లూ చెల్లెండ్లూ, ఇది ఏ రోగానికి అనుమతి ఉన్న మందు అని సూది గుచ్చకముందే అడుగుండ్రి.

నాకైతే క్లినికోళ్ల కన్నా పిల్లను జూడొచ్చినోళ్ల మీదనే కోపం. "జర రంగు తక్కువ" అన్నరు. మావోళ్లు తలకాయలు ఊపిండ్రు. నేను బండి తియ్యలే. పెండ్లి పిలగానికి ఫోన్ కలిపిన.