దాహం దాచుకుని షికార్లు

ఏప్రిల్ సగం గడిచేసరికి మా బెజవాడ పేపర్లో వార్తలెలా ఉంటాయో చదవకుండానే చెప్పేయొచ్చు. తారు కరిగిన రోడ్డు ఫొటో ఒకటి. తలకీ మొహానికీ చున్నీ చుట్టుకుని స్కూటీ మీద వెళ్తున్న అమ్మాయి ఫొటో ఇంకోటి. చలివేంద్రం ప్రారంభించి మజ్జిగ గ్లాసు అందిస్తున్న నాయకుడి ఫొటో మరోటి. పక్కనే చిన్న బాక్సులో డాక్టరుగారి సలహాలు: దాహం వేసినా వేయకపోయినా నీళ్లు తాగండి, కొబ్బరినీళ్లు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ తీసుకోండి, మిట్టమధ్యాహ్నం బయట తిరక్కండి. ఆ కిందే ‘సెలవుల్లో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్దాం?’ అని ఒక వ్యాసం. భవానీ ద్వీపం, ఉండవల్లి గుహలు, కొండపల్లి కోట, అమరావతి, కాస్త ఓపికుంటే బందరు దగ్గర మంగినపూడి బీచి.

రెండూ మంచి మాటలే. కాకపోతే ఆ రెండిటినీ కలిపి చదివిన ఆడదానికి ఒక సందేహం వస్తుంది. కడుపునిండా నీళ్లు తాగి షికారుకి వెళ్తే, ఓ గంట తర్వాత ఎక్కడికి పరుగెత్తాలి?

నవ్వొస్తే నవ్వండి. ఇలాంటివి పేపర్లో రాస్తారా అని మొహం చిట్లించుకున్నా పర్వాలేదు. ఎండలకి మొహానికి ముల్తానీ మట్టి ఎలా పట్టించాలో, నిమ్మకాయ ఎలా రుద్దాలో ఏటా చదువుకుంటూనే ఉన్నాం. గడప దాటిన ప్రతి ఆడదీ రోజూ మనసులో లెక్కలేసుకునే ఈ సంగతి మాత్రం పక్కింటి వదినగారి చెవిలో తప్ప చెప్పుకోం.

మా ఊరి ఎండ సంగతి వేరే చెప్పాలా? బెజవాడని బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. చుట్టూ ఉన్న కొండలు పగలంతా కాగి, రాత్రికి ఆ వేడి మన మీదికే వదుల్తాయి. కృష్ణ పక్కనే ఉన్నా, ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ ఊరి మధ్యనుంచే పోతున్నా, రోహిణి కార్తెలో ఆ చల్లదనం గట్టు దాటి ఇవతలికి రాదు. 2015 మే నెలలో వడగాడ్పులకి ఆంధ్ర, తెలంగాణల్లో కలిపి వెయ్యిమందికి పైగా పోయారు. కాబట్టి నీళ్లు తాగమని డాక్టర్లు చెప్పేది మొక్కుబడి మాట కాదు, ప్రాణాల మీది మాట.

మరి మనమేం చేస్తున్నాం? అయిదింటికి బయల్దేరాలంటే మూడింటి నుంచే గొంతు తడుపుకోవడం మానేస్తాం. సంచీలో పిల్లలకో నీళ్ల సీసా, ఆయనకో సీసా, అత్తగారి మాత్రలు, చెగోడీలు, తడిపిన తువ్వాలు అన్నీ సర్దుతాం. ఆ నీళ్లలో మన వాటా రెండు గుక్కలు, అదీ ఇంటిదారి పట్టాక. “నువ్వు తాగవే?” అని ఎవరైనా అడిగితే “నాకు దాహంగా లేదు” అనేస్తాం. ఈ విద్య మనకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అమ్మని చూసి మనం నేర్చుకున్నాం, మనల్ని చూసి మన కూతుళ్లు నేర్చుకుంటున్నారు. వేసవి క్లాసులకి వెళ్లే పదో తరగతి పిల్లలు తెచ్చుకున్న నీళ్ల సీసా నింపింది నింపినట్టే ఇంటికి తెస్తున్నారంటే తల్లులు కాస్త ఆలోచించాలి.

ఈ పొదుపు ఖరీదు ఆస్పత్రిలో తెలుస్తుంది. నీళ్లు తగ్గించడం ఒకటి, వచ్చినా బిగబట్టుకోవడం ఇంకొకటి. రెండూ కలిస్తే మూత్రంలో మంట, జ్వరం, ఇన్‌ఫెక్షను. మగవాళ్లతో పోలిస్తే మనకి మూత్రనాళం పొట్టి, అందుకని క్రిములు లోపలికి చేరడం తేలిక. నీళ్లు చాలని వంట్లో రాళ్లూ తయారవుతాయి. గర్భిణులకైతే ఇది బిడ్డ దాకా వెళ్లే సమస్య. ఇక షుగరున్నవాళ్లు, ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కన్నవాళ్లు బిగబట్టుకుందామన్నా కుదరదు. వాళ్లేం చేస్తారు? షికార్లే మానేస్తారు.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది, ఆవిడ వయసూ ఇంచుమించు అంతే. ఏటా వేసవికి కూతురూ అల్లుడూ మనవలూ హైదరాబాదు నుంచి వస్తారు. ఇల్లంతా సందడి. సాయంత్రమయ్యేసరికి అందరూ తయారైపోతారు, ఈవిడ మాత్రం “నేను రాన్లే, మీరు వెళ్లి రండి. ఇల్లు చూసుకోవాలిగా” అంటారు. ఆవిడకి సీరియళ్ల పిచ్చి అని మనవలు వేళాకోళం చేస్తుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆవకాయకి ముక్కలు తుడుస్తూ కూర్చున్నప్పుడు అడిగాను, “ఎందుకు పిన్నిగారూ, సాయంత్రంపూట బ్యారేజీ మీద గాలి ఎంత బావుంటుంది?” అని.

“గాలికేం తల్లీ, బంగారంలా ఉంటుంది. గంటకోసారి లేవాల్సినదాన్ని, అక్కడ ఎక్కడికని లేవను? అల్లుణ్ని అడగనా, మనవణ్ని అడగనా?” అన్నారు ముక్క తుడవడం ఆపకుండానే.

ఇలాంటి పిన్నిగార్లు ఎన్ని ఇళ్లలో ఉన్నారో ఒకసారి మీ వీధిలోనే లెక్కేసుకోండి. మోకాళ్ల నొప్పులనో, తలనొప్పనో, ఎండ పడదనో చెప్పే కారణాల వెనక సగం ఇదే ఉంటుంది. వాళ్లు బయటికి రాకపోవడం వాళ్ల ఇష్టం కిందే జమ అయిపోతోంది.

వెళ్లినచోట ఏదీ ఉండదని కాదు, ఉంటుంది. తాళం ఉంటుంది. ఓ ఏడాది బంధువుల ఊళ్లో పిల్లల్ని పార్కుకి తీసుకెళ్తే, ‘స్త్రీలు’ అని రాసున్న గదికి ఇంత తాళం వేలాడుతోంది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీ కొట్టు దగ్గర. పదినిమిషాల తర్వాత అతనొచ్చి తీస్తే లోపల గడియ లేదు, కుళాయిలో నీళ్లు లేవు. మా అమ్మాయి బయట తలుపు పట్టుకుని నిలబడింది. డబ్బులు మాత్రం తలకి అయిదు రూపాయలు తీసుకున్నారు. మగవాళ్లకి అక్కడ ఉచితమట! ఇది ఏ లెక్కో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మనకి వేరే దారి లేదు కాబట్టి వసూలు చేస్తున్నారు, అంతే.

సిటీల్లో ఆడవాళ్లంతా మాల్స్‌కి ఎగబడుతున్నారని, ఏసీ మోజనీ, కొనుగోళ్ల పిచ్చనీ మగవాళ్లు జోకులేస్తుంటారు. ఏసీ నిజమే. దానితోపాటు అక్కడ గడియ పడే తలుపు, నీళ్లొచ్చే కుళాయి, అద్దం ఉంటాయి. పిల్లని తీసుకుని లోపలికి వెళ్తే ఎవరూ ఎగాదిగా చూడరు. ఏమీ కొనకుండా రెండు గంటలు నిశ్చింతగా తిరిగి రావచ్చు. ఏటి గాలి వదిలేసి ఆ గాజుమేడల్లో తిరిగేది సరదాకి మాత్రమే కాదండీ.

చలివేంద్రాల మాట కొద్దాం. దాహానికి నీళ్లివ్వడం మనవాళ్లకి తరతరాలుగా పుణ్యకార్యం. తండ్రి జ్ఞాపకార్థం, తల్లి పేరిట అని బ్యానరు కట్టి, కుండలకి ఎర్రగుడ్డ చుట్టి మరీ పెడతారు. ఎంత మంచి అలవాటో! కానీ అమ్మ పేరిట ఒక శుభ్రమైన మరుగుదొడ్డి కట్టించి, దానికి రిబ్బన్ కత్తిరించినవాళ్లని నేనింతవరకు చూడలేదు. ఆ పేరు పక్కన అమ్మ పేరు పెట్టడం అప్రదిష్ట అనుకుంటారు గాబోలు. ఆ అమ్మే బతికున్నన్నాళ్లూ తిరునాళ్లకి వెళ్లినప్పుడల్లా ఎంత ఇబ్బంది పడి ఉంటుందో వాళ్లకి తట్టదు.

ఇప్పుడీ మాట గట్టిగా అనడానికి ఇంకో కారణం ఉంది. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరులోనే వచ్చింది. ఆడవాళ్లు బస్సులెక్కి మంగళగిరి పానకాలస్వామినీ, అమరావతి అమరేశ్వరుణ్నీ చూసి రావడం మొదలుపెట్టారు. ఆయన జేబు చూడనక్కర్లేకుండా నలుగురు ఆడవాళ్లు కలిసి కొండపల్లి వెళ్లి పొణికి చెక్క బొమ్మలు కొనుక్కొచ్చుకోవచ్చు. చాలా పెద్ద మార్పే ఇది. అయితే టిక్కెట్టు లేకుండా గుడి దాకా, గుట్ట దాకా తీసుకెళ్లిన బస్సు మమ్మల్ని దింపేసి వెళ్లిపోతుంది. అక్కణ్నుంచి తిరుగు బస్సు దాకా ఉన్న నాలుగు గంటల్ని గురించి ఎవరు ఆలోచించాలి?

షికారుకి వెళ్లేవాళ్లం కనక నాలుగు గంటలు ఎలాగో ఓర్చుకుంటాం. మరి రోజంతా రోడ్డు మీద ఉండేవాళ్లు? బీసెంట్ రోడ్డులో తోపుడుబండి మీద రిబ్బన్లు, గాజులు అమ్మేవాళ్లు, పూలబుట్టతో కూర్చునేవాళ్లు, కాళేశ్వరరావు మార్కెట్టు బయట ఎండలో కూరలు పోసుకునేవాళ్లు, ట్రాఫిక్‌లో నిలబడే మహిళా కానిస్టేబుళ్లు, తెల్లారుజామునే ఊరు ఊడ్చే పారిశుధ్య కార్మికులు. అంతెందుకు, చలివేంద్రంలో కూర్చుని అందరికీ నీళ్లు పోసే ఆవిడే తను మాత్రం తాగకుండా ఉండాల్సొస్తే?

కేరళలో కోళికోడ్ మిఠాయి తెరువులో దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లది ఇదే కథ. వాళ్లు ఊరుకోలేదు. పి.విజి అనే దర్జీ పనిచేసే ఆవిడ వాళ్లందర్నీ కూడగట్టి ‘పెణ్‌కూట్టు’ అనే సంఘం పెట్టారు. ముందు మరుగుదొడ్డి కోసం అడిగారు, తర్వాత పనిచేసేచోట కాసేపు కూర్చునే హక్కు కోసం అడిగారు. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్నే సవరించి కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడూ అదే దారి పట్టింది. ఆ ఆడవాళ్లు మొదట నోరు విప్పినప్పుడు ఇదేం గోల అని అన్నవాళ్లు అక్కడా ఉండే ఉంటారు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు కోర్టు ప్రాంగణాలన్నిట్లో ఆడవాళ్లకీ, మగవాళ్లకీ, వికలాంగులకీ, ట్రాన్స్‌జెండర్లకీ వేర్వేరుగా మరుగుదొడ్లు ఉండాలని ఆదేశిస్తూ, ఇది జీవించే హక్కులో భాగమని చెప్పింది. అంటే సిగ్గుపడాల్సింది అడిగేవాళ్లు కాదన్నమాట.

కట్టించినా జనం పాడుచేస్తారు, ఎవరు కాపలా ఉంటారు అంటారు. నిజమే, మనవాళ్లలోనూ వాడేసిన ప్యాడ్లు గొట్టంలో కుక్కేవాళ్లు, నీళ్లు పోయకుండా వచ్చేసేవాళ్లు ఉన్నారు. మన ఆడపిల్లలకి ఈ మర్యాద నేర్పాల్సింది మనమే. కానీ పాడుచేస్తారని తాళం వేయడం, పిల్లలు గుడ్డలు మాపుకుంటారని బళ్లో వేయకపోవడం లాంటిది. 2021 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో మా విజయవాడ దేశంలో మూడో స్థానం తెచ్చుకుంది. చెత్త ఎత్తడంలో అంత పేరు తెచ్చుకున్న ఊరికి ఇది చేతకాని పని కాదు. తాళాలేసిన పది గదుల కన్నా గడియ, దీపం, నీళ్లు, చెత్తబుట్ట, మోకాళ్ల నొప్పులవాళ్లకి ఒక కుర్చీ దొడ్డి ఉన్న ఒక్క చోటు నయం. అక్కడ నెలనెలా సరిగ్గా జీతమిచ్చి ఒక మనిషిని పెడితే ఒక ఇల్లు గడుస్తుంది కూడా. అది చివరి బస్సు వెళ్లేదాకా తెరిచుండాలి, అయిదింటికే మూసేస్తే షికార్ల వేళకి ఎందుకూ కొరగాదు.

ఈసారి మీ వీధి చివర చలివేంద్రానికి కొబ్బరికాయ కొట్టడానికి కార్పొరేటరుగారొస్తే, మజ్జిగ తీసుకుంటూనే ఈ మాట ఆయన చెవిన వేయండి. ఒక్కరే అడగడానికి మొహమాటమైతే నలుగురూ కలిసి వెళ్లండి.

వేసవి విహారాల గురించి రాసే విలేకరి తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ కూడా ఒక మనవి. టిక్కెట్టు ధర, తెరిచే వేళలు, ఎక్కాల్సిన బస్సు ఎలాగూ వేస్తారు. ఆ కింద ఇంకొక్క పంక్తి వేయండి: ఆడవాళ్ల మరుగుదొడ్డి ఎక్కడుంది, నీళ్లొస్తున్నాయా, తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది, ఎన్నింటికి మూస్తారు. ఆ పంక్తి చూసుకుని బయల్దేరేవాళ్లు మా ఒక్క వీధిలోనే ముగ్గురున్నారు, పిన్నిగారితో కలిపి.