గిరిజన కౌన్సెలర్లు పర్యవేక్షకులు కావద్దా?

పాడేరు ఏజెన్సీలో చాలా గూడేల్లో మనిషికి మతి చలిస్తే ముందు దిశారి వద్దకో, గురుమాయి వద్దకో తీసుకువెళతారు. అక్కడ నయం కాకపోతే ఘాట్ రోడ్డు దిగి, వంద కిలోమీటర్ల పైబడి ప్రయాణించి విశాఖ మానసిక వైద్యశాలకు చేరాలి. కూలి పోగొట్టుకుని అంతదూరం వెళ్లాక, కువి మాట్లాడే తల్లి తన బిడ్డ బాధను వచ్చీరాని తెలుగులో ఎంతవరకు చెప్పగలదు?

అందుకే గిరిజన యువతీయువకులను కౌన్సెలర్లుగా, నర్సులుగా తీసుకోవాలని అందరూ అంటున్నారు. మంచిదే. కాని వారి పనిని సరిచూసే పై మనిషి ఎవరన్నది ఎవరూ అడగడం లేదు. రోగి మాటను ఎలా అర్థం చేసుకున్నదీ, ఎవరిని డాక్టరు వద్దకు పంపవలసినదీ కౌన్సెలరు ఆ పర్యవేక్షకునితో కూర్చుని తేల్చుకోవాలి. ఆయనకు ఈ కొండల సంగతి తెలియకపోతే పూనకాన్ని చూడగానే జబ్బని రాసేస్తాడు. పండుగనాటి పూనకానికీ, మూడు వారాలుగా నిద్రాహారాలు మాని గొణుక్కునే మనిషికీ ఉన్న తేడా ఊరి పిల్లకు తెలుసు. కాని పై ఉద్యోగితో కాదని ఎలా అంటుంది?

మైదానం వారికి చేతకాదని కాదు. ఓపికగా భాష నేర్చుకునే డాక్టర్లూ ఉంటారు. బదిలీ కాగానే ఆ నేర్పు కూడా వారితోపాటే బస్సెక్కుతుంది.

జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో, జిల్లా కార్యక్రమం 1996లో వచ్చాయి. కులం, సంస్కృతి పేరిట వివక్ష లేకుండా వైద్యం పొందే హక్కును 2017 చట్టం ఇచ్చింది. అయినా జిల్లా కార్యక్రమంలో చాలా పోస్టులు కాంట్రాక్టువే. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ప్రమోషన్లలో రిజర్వేషన్ కోసం 1995లో రాజ్యాంగాన్నే సవరించారు. కాంట్రాక్టు ఉద్యోగికి ప్రమోషన్ ఎక్కడిది?

ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020లో కొట్టివేసింది. కనుక అన్నీ మాకే అని ఎవరూ అడగడం లేదు. పనిచేస్తున్నవారిలో అర్హులను ఎంపిక చేసి, పై చదువుకు పట్టే రెండేళ్లూ ఐటీడీఏ ఫీజు, స్టైపెండు భరించాలి. తిరిగి వచ్చేవరకు వారి ఉద్యోగం ఖాళీగా ఉంచాలి. పర్యవేక్షకుల నియామకంలో కువి, ఆదివాసీ ఒడియా వచ్చినవారికి అదనపు మార్కులు ఇవ్వాలి. కలెక్టరు, ఐటీడీఏ అధికారులు వచ్చే బడ్జెట్‌కు ముందే ప్రతిపాదనలు పంపాలి.

ఈలోగా మనసు బాగాలేనివారు టెలిమానస్ 14416కు రాత్రింబగళ్లు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, గూడేనికి సిగ్నల్ ఉంటే.